గౌహతికి అయిదు మూరలు

జులై 14, సోమవారం

మధ్యాహ్నం బృంద ఫోన్ చేసింది. అక్క కూతురు నాకు ఫోన్ చేయడం ఈ తొమ్మిదేళ్లలో ఇదే మొదటిసారి. అక్క గుండె పావు వంతే పని చేస్తోందట. ఇక ఇంట్లోనే ఉంచుకొని మందులు వేయమని ఆస్పత్రి వాళ్లు పంపించేశారట.

"నెల అంటుండారు మామా. వారం అని కూడా అంటుండారు. వాళ్లకే సరిగా తెలియలే" అంది.

గౌహతిలో పుట్టి పెరిగిన పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. మాట మాత్రం అచ్చం మా అమ్మ మాట. రమ్మని అడగలేదు. వస్తానని నేనూ అనలేదు. "జాగ్రత్తమ్మా" అన్నాను. ఎవరికి చెప్పానో, దేనికి చెప్పానో నాకే తెలియదు.

సాయంత్రం ఊరికే ఫోనులో చూశాను. మదురై నుంచి గౌహతికి గాలిదారిన 2,305 కిలోమీటర్లు. విమానం ఎగిరే సమయం 3 గంటల 24 నిమిషాలు. తెలుసుకుంటే తప్పేముంది.

జులై 15, మంగళవారం

మళ్లీ చూశాను. 2,305. మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. నిన్నటికీ ఇవాళ్టికీ ఊళ్లు జరుగుతాయా, నా పిచ్చి కాకపోతే.

జులై 16, బుధవారం

అసలు ఆ విమానమే లేదట. మా ఆవిడ జెయంతి తమ్ముడు బాలచందర్ కోవిల్పట్టిలో టికెట్లు వేసే ఆఫీసు నడుపుతాడు. ఇంకేదో అడిగినట్టు ఫోన్ చేసి మాటల్లో ఇది కదిలించాను.

"అది కాకి లెక్క బావా. రెక్కలుంటే అంత సేపే. మనకి మదురైలో ఎక్కి, చెన్నైలో దిగి, ఆడ కాచుకోని ఇంకొకటి ఎక్కాల. మీ అరుప్పుకోట్టైలో గడప దాటినప్పటి నుంచి లెక్క పెడితే పన్నెండు గంటలు పడతాది" అన్నాడు.

"సరి, సరి" అన్నాను.

"ఎవరికి బావా?"

"ఒక చుట్టానికి."

తోడబుట్టిన అక్క నా నోట్లో చుట్టం అయిపోయింది. పన్నెండు గంటలన్న మాట నాకు కొత్త కాదు. దాని గురించి ఇక్కడ రాయబోవడం లేదు.

జులై 17, గురువారం

ఆషాఢమాసపు ఆడి గాలి. వీధి దుమ్మంతా ఇంట్లోనే ఉంది. షెడ్డులో నాలుగు పవర్‌లూములూ టవళ్లు నేస్తున్నాయి. ఆ చప్పుడులో నిలబడి చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇవాళ కబురు వస్తే నా మగ్గం మీద కోయడానికి ఏముంది? టవలు.

సాత్తూరులో పెద్దత్త పోయిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న కబురు వినగానే గుంట మగ్గం దగ్గరికి పోయాడు. ఉన్నది ఉన్నట్టు, మూడు వంతులు నేసిన చీరను కత్తెరతో కోశాడు. మడిచి భుజాన వేసుకొని బస్సెక్కాడు. మా ఇళ్లలో అంతే. ఆడబిడ్డ పోయిందని తెలిసిన క్షణంలో పుట్టింటి మగ్గం మీద ఎంత ఉంటే అంత కోసి తీసుకుపోవాలి. అంగడిలో కొన్నది పనికిరాదు. ముందే నేసి దాచిపెట్టింది అసలే పనికిరాదు. ఆ గుడ్డ మీద పడందే పీనుగను ఎత్తరు.

గుంట మగ్గం మీద ఆరేళ్లుగా పడుగు లేదు. జెయంతి దాని మీద ఉల్లిపాయలు ఆరబెడుతోంది.

జులై 18, శుక్రవారం

ఉల్లిపాయలు తీయించాను. పసుపు నూలుకు, ఎర్ర నూలుకు చెప్పి పంపాను.

జెయంతి చేటతో వచ్చి నిలబడింది. "ఏంటికి ఇప్పుడు మగ్గం?"

"దీపావళికి నీకు ఒక చీర నేద్దామని."

"పసుపు చీర నేను కట్టేది లేదని మీకి తెలియదా? ముప్పై ఏండ్లు ఆయె."

ఆమె ఉల్లిపాయలు ఏరుకుంటూ కూర్చుంది. దీపావళికి మూడు నెలలుంది, ఇప్పుడు మొదలుపెడితేనే గదా అయ్యేది. ఇందులో దాపరికం ఏముంది.

జులై 20, ఆదివారం

పడుగు ఎక్కింది. అంచు ఎరుపు, నడుమ పసుపు. అక్కకు చిన్నప్పుడు ఈ రంగే ఇష్టం. జెయంతికి కూడా బాగుంటుంది, ఒకసారి కడితే తెలుస్తుంది.

గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మోకాళ్లు కీచుమన్నాయి. పలుపు తాడు లాగితే, పేక పోగు మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తింది. చెయ్యి మరిచిపోలేదు. ఈ మగ్గం మీద మొదట కూర్చుంది నేను కాదు, అక్క. పన్నెండేళ్లకే మూరకు ఇన్ని పోగులని కళ్లు మూసుకొని చెప్పేది. గాంధిమతి మొగపిల్లాడై పుట్టాల్సింది అని నాన్న అనేవాడు. అలా అన్నప్పుడల్లా నన్ను చూసేవాడు.

తెలుగు అక్షరాలు కూడా నాన్న మా ఇద్దరికే నేర్పాడు. ఈ ఊళ్లో మాకందరికీ నోటికే తెలుగు, బడికి తమిళం. అందుకే ఈ నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టినా జెయంతికి చదవడం రాదు. చదవగలిగిన ఇంకొక మనిషి గౌహతిలో ఉంది.

జులై 21, సోమవారం

ఒక మూర. గాలికి పోగులు పటపట తెగుతున్నాయి. బృంద ఫోన్ చేసింది. మూడు దిండ్లు వెనక పెడితే గాని ఊపిరి ఆడటం లేదట.

"నన్ను గురించి అడిగిందా?" అన్నాను.

"లేదు మామా." అబద్ధం చెప్పడం తెలియని పిల్ల.

పోవాలనే ఉంది. మగ్గం మీద పని సగంలో వదిలి ఎట్లా పోతాను?

జులై 22, మంగళవారం

రెండు మూరలు.

విమానాల వేళలు చూశాను. పొద్దున ఒకటి ఉంది. మధ్యాహ్నం ఇంకొకటి. 2,305.

జులై 23, బుధవారం

అమ్మ పోయిన రోజు గురించి ఒక్కసారి రాసి ముగించేస్తాను. నెత్తి మీద తిరిగే ఈగ లాగా విడిచిపెట్టడం లేదు.

2016 ఆగస్టు 12, శుక్రవారం. అమ్మ తెల్లవారుజామున పోయింది. ఏడు గంటలకు అక్కకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం నుంచి పెద్దవాళ్లు తొందర పెట్టారు. శనివారం వస్తే శవం తోడు లేకుండా పోదంటారు, అందుకే శుక్రవారం పొద్దు గుంకేలోపల ఎత్తాలన్నారు. అక్క ఉన్నది దేశం అంచున. అక్కడి నుంచి రైల్లో మూడు రోజులు. నాలుగు గంటలకు ఎత్తాం. ఏడున్నరకు వాకిట్లో టాక్సీ ఆగింది. అక్క దిగింది. విమానంలో వచ్చింది. వస్తుందని ఎవరు అనుకున్నారు?

పీనుగను ఎత్తాక కడిగిన వాకిట్లోనే అక్క నిలబడింది. లోపలికి రాలేదు. అరవలేదు, ఏడవలేదు. "మొగం చూడకుండా చేస్తివి" అంది. ఆ టాక్సీలోనే వెనక్కి పోయింది. అదే ఆమె నాతో అన్న చివరి మాట.

ఇందులో ఎవరి తప్పూ లేదు. తెలియక జరిగింది.

జులై 24, గురువారం

మూడున్నర మూరలు. జెయంతి పొద్దున కోవిల్పట్టికి తమ్ముడింటికని పోయింది. అన్నం వండిపెట్టి మరీ పోయింది. నాకు తినబుద్ధి కాలేదు.

జులై 25, శుక్రవారం

జెయంతి తిరిగి వచ్చింది. చేతిలో రెండు పొట్లాలు వేరుశెనగ కడలమిఠాయి, ఒక కాగితం. కాగితం నా ముందు మగ్గం మీద పెట్టింది. టికెట్. మదురై, చెన్నై, గౌహతి. రేపు పొద్దున. నా పేరు మాత్రమే.

"రేపు శనివారం" అన్నాను.

"అందుకే పోయిరండి. శనికి భయపడి ఒకసారి చేసింది చాలదా?"

"ఇంకా ఏడు మూరలు ఉండాది జెయంతీ. అయినంక పోతా."

ఆమె మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. నెమ్మదిగా మాట్లాడింది. అరిచి ఉంటే బాగుండేది.

"నన్ను ఏమని అనుకుంటుండారు? బృందతో మీరు మాట్లాడేది నాకి వినపడదా? మామగారు సాత్తూరుకి ఎట్లా పొయినారో ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే మా అత్త నాకి చెప్పింది. ఇది ఎవరి చీరో చూస్తేనే తెలియదా? మీకి కావలసింది వదినె గాదు. వదినె చచ్చిన కబురు. అది వస్తే ఈ గుడ్డ కోసుకోని దర్జాగా పోవచ్చు. అప్పుడు ఆయమ్మ మిమ్మల్ని ఏమీ అడగడానికి ఉండదు గదా."

నేను నాడె విసిరాను. గోడకు తగిలి కండె ఊడి పడింది. ముప్పై ఏళ్లలో ఆమె ముందు ఒక వస్తువు విసరడం ఇదే మొదలు. ఆమె లేచి కండె తీసి, నూలు చుట్టి, నా పక్కన పెట్టి వంటింట్లోకి పోయింది.

మొన్న రాసింది అబద్ధం.

అక్క చెప్పింది. ఏడు గంటలకు ఫోనులో చెప్పింది. "విమానంలో వస్తుండా. ఏడున్నరకంతా ఇంటి ముందర ఉంటా. అమ్మను ఎత్తొద్దురా కుమారు" అంది. సరే అన్నాను. మధ్యాహ్నం నల్లసామి చిన్నాన్న పది మంది ముందు నన్ను పిలిచి "మీ అక్క ఎప్పుడు వస్తాది?" అని అడిగాడు. ఏడున్నర అంటే చీకటి పడుతుంది, చీకట్లో ఎత్తరు, శనివారం దాకా ఉంచాల్సి వస్తుంది. తోడు అడిగే శవం ఈ ఇంట్లో ఎవరిని అడుగుతుందో అన్న పిరికితనం. నా కడుపులో ఉన్నది అదే. "రైల్లో వస్తాది చిన్నాన్నా, మూడు రోజులు అవుతాది" అన్నాను.

అదీ జరిగింది. తొమ్మిదేళ్లు దాన్ని నా నోటితో నేనే తెలియక జరిగిందని చెప్పుకున్నాను. ఈ నోటుబుక్కులో కూడా చెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది.

పొద్దు గుంకుతుండగా చీర కోశాను. అయిదు మూరలు. నేను గాలిలో ఉన్నప్పుడు కబురు వస్తే చేతిలో ఏదీ లేకుండా దిగలేను గదా. కత్తెర చప్పుడుకి జెయంతి గడపలోకి వచ్చింది.

"బతికుండే మనిషికి కోస్తారా ఎవరైనా?" అంది. నేను చీరను మడిచి సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టి, పైన నా పంచెలు పెట్టాను.

జులై 26, శనివారం. చెన్నై విమానాశ్రయం, మధ్యాహ్నం 12.10

ఇంట్లో బయల్దేరింది ఆరుకు. మదురై విమానాశ్రయానికి ఏడుకు. తొమ్మిదికి ఎగిరింది. పది ఇరవైకి ఇక్కడ దిగాను. గౌహతి విమానం రెండున్నరకు.

ఇక్కడ చేయడానికి ఏమీ లేదు. వరసగా ఇనుప కుర్చీలు. ఎవరి సంచి వాళ్ల ఒళ్లో. ఎంత నడిచినా మళ్లీ ఆ కుర్చీ దగ్గరికే వస్తాం. ఇప్పటికి నాలుగుసార్లు నీళ్లు తాగాను.

అక్క కూడా ఇక్కడే కూర్చుని ఉంటుంది. ఒంటిగంటకు దిగి, అయిదు గంటల విమానానికి కాచుకుంటూ. నాలుగు గంటలకు మేము అమ్మను ఎత్తినప్పుడు అక్క ఇక్కడ ఉంది. ఇట్లాంటి కుర్చీలో. సంచి ఒళ్లో పెట్టుకొని గడియారం చూసుకుంటూ, ఇంకా మూడున్నర గంటలు, ఇంకా మూడు గంటలు అని. తను ఎత్తొద్దన్న మాట నేను విన్నాననే ధైర్యంతో.

ఈ లెక్క నేను తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా వేయలేదు.

జులై 27, ఆదివారం. గౌహతి

నిన్న ఆరున్నరకు చేరాను. సుబ్బురాజ్ బావ తలుపు తీశాడు. రైల్వేలో రిటైరయ్యాక చెవి సరిగా వినపడదు. నన్ను చూసి పక్కకు జరిగి దారి ఇచ్చాడు, అంతే.

అక్క మంచం మీద మూడు దిండ్లకు ఆనుకొని ఉంది. ఇంత చిన్న మనిషి అవుతుందని నేను అనుకోలేదు. ముక్కుపుడక మాత్రం అదే. నా మొహం చూడలేదు, గోడ గడియారం చూసింది.

"ఎన్ని గంటలకి బయల్దేరితివి?"

"ఆరుకి అక్కా."

"పన్నెండున్నర గంటలు" అంది. "నాకి తెలుసు."

ఆ తర్వాత కళ్లు మూసుకుంది. బృంద అన్నం పెట్టింది.

ఇవాళ పొద్దున పది గంటలకు అక్క "కోవిల్పట్టి మిఠాయి తెచ్చినావా?" అని అడిగింది. తెచ్చానన్నాను. నేను లేచేలోపలే బృంద సంచి తెరిచింది. పంచెలు తీసింది. మిఠాయి తీసింది. దాని కింద నుంచి చీర లాగి రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"అమ్మా, మామ నీకి కొత్త చీర తెచ్చినారు. ఎంత బాగుండాదో చూడు" అని తీసుకుపోయి తల్లి ఒళ్లో పెట్టింది.

ఆ పిల్లకు ఏం తెలుసు. 

అక్క చీరను చూసింది. మడత విప్పింది. చివర పట్టుకొని చూసింది. ఉతకని నూలు, కత్తెర పడిన చోట పడుగు పోగులు వేలాడుతున్నాయి. అప్పుడు మోచేతి దగ్గర పెట్టి వేళ్ల కొస దాకా కొలవడం మొదలుపెట్టింది. ఒకటి. ఊపిరి తీసుకుంది. రెండు. మళ్లీ ఊపిరి తీసుకుంది. ఎవరూ ఆపలేదు. అయిదు దగ్గర చీర అయిపోయింది.

"అయిదు మూరలు" అంది. "చీర పన్నెండు గదరా. తక్కింది యాడ?"

"మగ్గం మీద ఉండాది అక్కా."

వేళ్లతో పేక తడిమింది. "వదులుగా కొట్టినావు. బయపడి బయపడి నేసినావు. నాన్న చూసుంటే తలమీద కొట్టుండును."

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"నువ్వు ఏడున్నరకి వస్తానని నాకి చెప్పినావు అక్కా. చిన్నాన్న అడిగితే నేను రైలని చెప్పినా. శనివారం అని బయపడి చెప్పినా."

"తెలుసు."

"ఎవరు చెప్పిరి?"

"చిన్నాన్నే. ఆ వారమే ఫోను చేసినాడు. 'రైల్లో వస్తావని కుమారు చెప్పినాడే తల్లీ, తెలిసుంటే దీపం పెట్టుకోని కాచుకోనుందుమే' అని ఏడ్చినాడు." దిండు సర్దుకుంది. "నువ్వు నీ నోటితో చెప్తావని నేను కాచుకోనుంటి. తొమ్మిదేండ్లు కాచుకోనుంటి. పన్నెండు గంటల దారికి తొమ్మిదేండ్లు చేసినావు."

నా తల మీద చెయ్యి పెట్టింది. తోసిందో నిమిరిందో చెప్పలేను. రెండూ ఉన్నాయి.

బృంద "ఏమి ఆయె అమ్మా? చీర నచ్చలేదా?" అని అడిగింది.

"నచ్చింది. మీ మామ తొందరపడి సగంలోనే కోసినాడు. అంతే." చీరను మడిచి తన దిండు కింద పెట్టుకుంది. నా వైపు తిరిగింది. "ఊరికి పోయి తక్కిన ఏడూ నెయ్యి. రెండూ కుట్టిస్తేనే నాకి సరిపోతాది. గట్టిగా కొట్టి నెయ్యి. నిదానంగా నెయ్యి. నాకి తొందర లేదు."

జులై 31, గురువారం. గౌహతి

మిఠాయి అయిపోయింది. ఒక పొట్లం అంతా అక్కే తింది. డాక్టరు తినకూడదన్నాడట, నాకెవరూ చెప్పలేదు.

ఆగస్టు 2, శనివారం

ఇంటికి వచ్చాను. జెయంతి నా మొహం చూసి పప్పుచారు పెట్టింది. మగ్గం దగ్గరికి పోయి చూశాను. కోసిన చోట నుంచి పడుగు అలాగే ఉంది. మిగిలింది ఏడు మూరలు.

ఆగస్టు 19, మంగళవారం

అక్క రోజూ పదకొండుకు ఫోన్ చేస్తుంది. మొదటి మాట ఒకటే: "ఎంత నేస్తివి?" రెండు వేళ్లు అన్నాను.

"సరి, తింటివా?" అంది.

సెప్టెంబరు 11, గురువారం

బృంద చెప్పింది. డాక్టర్లు మళ్లీ చూసి "ఎట్లా ఉండగలుగుతోందో మాకే తెలియదు" అన్నారట. పనులు ముగించాల్సినవి ఏమైనా ఉన్నాయా అని అడిగారట. ఊళ్లో తమ్ముడు చీర నేస్తున్నాడు, అది రావాలి అని అక్క చెప్పిందట. బృంద దాన్ని హిందీలోకి మార్చి డాక్టరుకు చెప్పిందట.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. జెయంతి ఆకుపచ్చ చీర కట్టింది. పదకొండుకు అక్క ఫోన్ చేసింది. గొంతు సన్నబడింది, మాటకీ మాటకీ నడుమ ఊపిరికి ఆగుతోంది.

"ఎంత నేస్తివి?"

"ఇవాళ జానెడు అక్కా."

"జానెడా?" అంది. "ఏంటికిరా అంత తొందర? నిదానంగా నెయ్యి అన్నా గదా."

"సరి అక్కా. రేపటి నుంచి తగ్గిస్తా."

అక్క గురించి నేను ఆడిన రెండో అబద్ధం ఇది, ఆగస్టు నుంచి రోజూ ఆడుతున్నాను. మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. గౌహతి నుంచి వచ్చాక నేను దాని మీద కూర్చోలేదు. ఆగస్టులో మిగిలింది ఏడు మూరలు. ఇవాళా ఏడే.